ఏడాది తర్వాత ఆ చేప ఎంత ఉంటుంది?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని కూడా తీసుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. ముందు వరసలో పిల్లలూ, ఈ కవర్ చూడండి. ఇందులో ఉన్నది ఆస్కార్ అనే చేప పిల్ల. ఒక స్నేహితుడి ట్యాంకులోంచి తెచ్చాను, ఒక్కసారి చూపించి మళ్లీ థర్మాకోల్ డబ్బాలో పెట్టేస్తాను, పాపం వెలుతురుకు బెదురుతుంది. స్కేలు పెడితే 5 సెంటీమీటర్లు ఉంది. నల్లటి ఒళ్లు, దాని మీద పాలు చిలకరించినట్టు తెల్లటి మచ్చలు, మనం వేలు ఎటు కదిపితే కళ్లు అటు తిప్పుతుంది. చూసినవాళ్లెవరికైనా ఇంటికి తీసుకెళ్లాలనిపిస్తుంది. ఇప్పుడు ఈ చేతిలో ఉన్న అట్టముక్క చూడండి. 30 సెంటీమీటర్లు, మీ స్కూలు బ్యాగులో ఉండే పెద్ద స్కేలంత. మంచి నీళ్లు, మంచి మేత ఉంటే ఆ పిల్ల ఏడాది తిరిగేసరికి ఈ అట్టముక్కకు దగ్గరగా వస్తుంది.

మనం షాపుకెళ్తే అడిగే మొదటి మాట "జత ఎంతండీ?" అని. ఎంత పెద్దదవుతుంది, ఎన్ని నెలల్లో అవుతుంది, అప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి అని అడిగేవాళ్లు చాలా తక్కువ. నేనూ అడగలేదు. నా మొదటి ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంటే లెక్కకు 57 లీటర్లు, అడుగున గులకరాళ్లు వేసి, పైన కాస్త ఖాళీ వదిలితే నికరంగా 45 లీటర్ల నీళ్లు. అందులో షార్క్ అని చెప్తే నాలుగు చేపలు తెచ్చి వేశాను. వేలెడంత కూడా లేవు, వెండిలా మెరుస్తూ నాలుగూ ఒకే వరసలో తిరుగుతుంటే మా ఇంట్లో భోజనాలు కూడా దాని ముందే. "పెద్దవి అవుతాయా?" అని అడగకపోలేదు, డబ్బులిచ్చేటప్పుడు అడిగాను. "ట్యాంకు ఎంతుంటే అంతే పెరుగుతాయండీ" అన్నారు. నమ్మాను.

ఎనిమిదో నెలకు అవి జానెడు దాటాయి. రెండడుగుల గాజు తొట్టెలో జానెడు దాటిన చేప ఒక్కసారి తోక ఊపితే అవతలి గోడ దగ్గర ఉంటుంది. ఆ జాతికి పిరికితనం ఎక్కువ. రాత్రి ఎవరైనా లైటు వేస్తే చాలు, నాలుగూ ఒకేసారి గాజును గుద్దుకునేవి. పొద్దున చూస్తే మూతి చివర తోలు ఊడి గులాబీ రంగులో మాంసం కనిపించేది. మందు వేస్తే తగ్గేది, రెండు రోజులకు మళ్లీ అదే గాయం. రెండు చేపలు అలాగే పోయాయి. నేను చేసిన పొరపాటు మందులో లేదు, మేతలో లేదు, కొన్న రోజున ఒక్క ప్రశ్నకు సరైన జవాబు కనుక్కోకపోవడంలో ఉంది.

ఆ చేప సంగతి తర్వాత తెలిసింది. మా అమ్మమ్మ వాళ్ల ఊరు కైకలూరు దగ్గర, మావయ్యకు చేపల చెరువులున్నాయి. ఫోటో పంపిస్తే చూసి ఫోన్ చేశాడు. "అల్లుడూ, అది మా చెరువుల్లో పెంచే పంగస్ కదరా, అద్దాల పెట్టెలో పెట్టావేంటి?" అన్నాడు. నిజమే. అక్వేరియం షాపులో షార్క్ అని జతల్లెక్కన అమ్మేదీ, చేపల మార్కెట్లో ముక్కలు కొట్టి కిలోల్లెక్కన అమ్మేదీ ఒకటే చేప. షార్క్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు, అది క్యాట్‌ఫిష్. పుట్టిల్లు ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది. 1990లలో బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది, ఇవాళ కొల్లేరు చుట్టుపక్కల ఎన్ని ఎకరాల్లో పెంచుతున్నారో ఆ వైపు వెళ్లినవాళ్లకు తెలుసు. చెరువులో ఏడాది లోపే కిలో దాటుతుంది. నదిలో పూర్తిగా ఎదిగితే మీటరు దాటుతుంది. రూప్‌చంద్ కూడా అంతే, మార్కెట్లో కూరకు కొంటారే, దాని పిల్లల్నే కొన్నిచోట్ల పిరానా అని చెప్పి అక్వేరియానికి అమ్ముతారు. అది అడుగున్నర దాటే చేప.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం, ఇది కాస్త ఓపికగా వినండి. చేప పొడవు రెట్టింపైతే చేప రెట్టింపు అయినట్టు కాదు. అంగుళం పొడవు, అంగుళం వెడల్పు, అంగుళం మందం ఉన్న మైసూర్‌పాక్ ముక్క ఒకటి అనుకోండి. రెండంగుళాల ముక్క కొయ్యాలంటే అలాంటి చిన్న ముక్కలు ఎన్ని కావాలి? రెండు కాదు, ఎనిమిది. పొడవూ పెరిగింది, వెడల్పూ పెరిగింది, మందమూ పెరిగింది. చేప ఒళ్లూ అంతే. 5 సెంటీమీటర్ల ఆస్కార్ 30 సెంటీమీటర్లు అయిందంటే పొడవు ఆరు రెట్లు, బరువు 216 రెట్లు. రెండు మూడు గ్రాముల పిల్ల అరకిలో పైన ఉండే చేప అవుతుంది. మీరు కొన్నది ఒక చేపే, కానీ బరువు ప్రకారం చూస్తే మొదటి రోజు లెక్కన రెండొందల పిల్లలు.

మేత అన్ని రెట్లు పెరగదు, అది కూడా చెప్పాలి. పిల్ల చేప తన బరువుతో పోలిస్తే ఎక్కువ తింటుంది, పెద్దది తక్కువ తింటుంది. అయినా చిటికెడుతో సరిపెట్టిన చోట చెంచాలకొద్దీ వెయ్యాల్సి వస్తుంది, వేసిన మేతలోని ప్రోటీన్‌లో చాలా భాగం మొప్పల్లోంచి అమోనియాగా మళ్లీ అదే నీళ్లలోకి వస్తుంది. ఫిల్టర్‌లో ఉండే బ్యాక్టీరియా ఆ అమోనియాను నైట్రైట్ చేసి, దాన్ని నైట్రేట్ చేస్తాయి. ఆ నైట్రేట్‌ను బయటికి పంపేది వారం వారం మీరు మోసే బకెట్లు. అందుకే "గ్యాలన్‌కు అంగుళం చేప" అనే పాత సూత్రాన్ని పట్టుకుని కూర్చోవద్దని అంటాను. అంగుళం పొడవున్న చేపలు పది, పదంగుళాల చేప ఒకటి ఆ సూత్రం ప్రకారం సమానం. మైసూర్‌పాక్ లెక్క ప్రకారం ఆ పదంగుళాల చేప ఒక్కటే అంగుళం చేపలు వెయ్యి కలిపినంత.

(సభలో ఒకరు: కానీ సార్, మా ట్యాంకులో గోల్డ్‌ఫిష్ మూడేళ్ల నుంచి అంతే ఉంది, పెరగలేదు. అంటే ట్యాంకును బట్టి ఆగినట్టే కదా?)

మంచి ప్రశ్న అడిగారు, కూర్చోండమ్మా. ఆగింది నిజమే. ఎందుకు ఆగింది అన్నదే మనం చూడాల్సింది. ఇదే మాట నేను మావయ్యను అడిగాను. వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. శీలావతి, బొచ్చె పిల్లల్ని తెచ్చి వెంటనే పెద్ద చెరువులో వదలరు. చిన్న చెరువులో ఒత్తుగా వేసి, మేత తగ్గించి, నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా అలాగే ఆపి ఉంచుతారు. వయసు పెరుగుతుంది, ఒళ్లు పెరగదు. తర్వాత పెద్ద చెరువులో పల్చగా వదిలి, తవుడు సంచులు కట్టి మేపితే అవి ఆకలి మీద ఉన్నట్టు తిని, కొత్త పిల్లల కంటే వేగంగా ఎదుగుతాయి. "పెరగకపోవడం దాని గుణం కాదురా, చోటూ మేతా లేక ఆగింది, ఇస్తే లేచి వస్తుంది" అన్నాడు మావయ్య. కొల్లేరు రైతులకు ఇది కొత్త సంగతేమీ కాదు, దీని మీదే వాళ్ల పంట నడుస్తుంది.

కానీ తేడా చూడండి. రైతు ఆపేది కొన్నాళ్లు, పెద్ద చెరువు ముందే సిద్ధంగా పెట్టుకుని ఆపుతాడు. మన హాల్లో ఉన్న గోల్డ్‌ఫిష్‌కు ఆ పెద్ద చెరువు ఎప్పటికీ రాదు. దాని నీళ్లలో వ్యర్థాలు పేరుకుని, ఆ ఒత్తిడిలోనే బతుకుతూ, ఎదగాల్సిన వయసంతా దాటిపోతుంది. అలాంటి చేపను దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. తల పెద్దది, కళ్లు ముఖానికి మించి ఉంటాయి, ఒళ్లు పొట్టిగా ఉంటుంది, కొన్నిటికి వీపు వంగి ఉంటుంది. తోక ఒంటిగా ఉండే మామూలు గోల్డ్‌ఫిష్ 20 నుంచి 30 సెంటీమీటర్లు పెరిగే చేప. సరిగ్గా చూస్తే పదేళ్లు దాటి బతుకుతుంది. మనం గాజు గిన్నెలో పెట్టి, ఏడాదికో జత మార్చుకుంటూ, గోల్డ్‌ఫిష్ ఆయుష్షే అంత అనుకుంటున్నాం. అమ్మా, మీ చేప మూడేళ్లు బతికిందంటే మీరు బాగానే చూస్తున్నారు. చోటు ఒక్కటి ఇవ్వండి, నీళ్లు ఇంకాస్త తరచుగా మార్చండి. మూడేళ్లయింది కాబట్టి పూర్తిగా లేచి వస్తుందని మాటివ్వలేను, కానీ తప్పకుండా హుషారవుతుంది.

ఇంకో సంగతి, అన్ని చేపలూ ఒకే వేగంతో పెరగవు. ఆస్కార్ మొదటి ఏడు ఎనిమిది నెలలు నెలకు అంగుళం చొప్పున సాగుతుంది. వెండి అరోవానా అంతకంటే వేగం, మొదటి ఏడాది నెలకు రెండంగుళాలు సాగినా ఆశ్చర్యం లేదు. క్లౌన్ లోచ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, అడుగు దాకా వెళ్లగలిగిన చేపే కానీ అందుకు ఏళ్లు పడుతుంది, అందుకే దాన్ని చిన్న ట్యాంకులో పెట్టినవాళ్లకు మూడు నాలుగేళ్ల దాకా తప్పు తెలియదు. ఫ్లవర్‌హార్న్ గురించి పెద్దగా చెప్పను, మన దగ్గర దాన్ని పెంచేవాళ్లకు అది ఒంటరిగానే ఉండాలనీ, ట్యాంకు పెద్దది కావాలనీ ఇప్పటికే తెలుసు.

ఏంజెల్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. షాపులో ఏంజెల్ పిల్ల రూపాయి బిళ్లంత ఉంటుంది. అందరూ పొడవే చూస్తారు. ఏంజెల్ ఎత్తుగా పెరిగే చేప. పై రెక్క కొస నుంచి కింది రెక్క కొస దాకా 20 సెంటీమీటర్లు దాటుతుంది. అడుగు ఎత్తు ట్యాంకులో రెండంగుళాల రాళ్లు తీసేయండి, పైన అంగుళం ఖాళీ తీసేయండి, మిగిలింది తొమ్మిది అంగుళాలు, అంటే 23 సెంటీమీటర్లు. ఆ చేప నిటారుగా నిలబడితే కింద రాళ్లు, పైన నీటి అంచు తగులుతాయి. ఎత్తు అడుగున్నర లేకపోతే ఏంజెల్ వద్దు. పైగా ఆరు పిల్లల్ని కలిపి పెంచితే ఎనిమిది తొమ్మిది నెలలకు వాటిలో ఒక జత కుదురుతుంది. ఆ జత గుడ్లు పెట్టడానికి ఒక మూల పట్టుకుని మిగతా నాలుగింటినీ తరిమి తరిమి కొడుతుంది. ఆ నాలుగూ ఎవరికి ఇవ్వాలో పిల్లల్ని కొన్న రోజే మాట్లాడి పెట్టుకోవాలి, రెక్కలు చిరిగిన తర్వాత కాదు. ఏంజెల్‌తో పాటు నియాన్ టెట్రాలు వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆరు నెలలు కలిసి ఈదాయి, తర్వాత రోజుకొకటి లెక్కకు తగ్గుతోంది, అవునా? నియాన్ పట్టేంతగా ఏంజెల్ నోరు పెరిగిన రోజు నుంచి నియాన్ దానికి మేతే.

నేను ఇప్పుడు ఎలా చేస్తానో చెప్తాను. కొనేముందు ఒక నోట్‌బుక్‌లో ఆ చేప పేరు రాసి, పక్కన నాలుగు గళ్లు గీస్తాను: ఇవాళ, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి. ఒక్కో గడిలో పొడవు రాసి, దాని కింద ఆ పొడవుకు నా దగ్గర ఏ ట్యాంకు ఉందో రాస్తాను. "అప్పటికి పెద్ద ట్యాంకు కొంటాను" అని రాయకూడదు, నా ఇంట్లో నీళ్లు నింపి నడుస్తున్న ట్యాంకు పేరే రాయాలి. ఎందుకంటే నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు అంటే 255 లీటర్లు. నీళ్లే పావు టన్ను. గాజు, రాళ్లు, స్టాండ్ కలిపితే 300 కిలోలు దాటుతుంది. అద్దె ఇంట్లో మూడో అంతస్తులో దాన్ని పెడతానంటే ఓనర్ ఏమంటారో ముందే కనుక్కోవాలి కదా. ఆస్కార్ కొనాలని ఉంటే ముందు ఆ ట్యాంకు, తర్వాత ఆ పిల్ల. ట్యాంకు ముందు పక్క కింద అంచుకు టైలర్ టేపు ముక్క ఒకటి అంటించి ఉంచుతాను, మేత వేసేటప్పుడు చేప అక్కడికి వస్తుంది, రెండు వారాలకోసారి చూసి రాసుకుంటాను. పెరుగుదల ఆగిందంటే ముందు నీళ్లు పరీక్ష చేస్తాను. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటి ఉంటే జవాబు అక్కడే దొరుకుతుంది.

రెండడుగుల ట్యాంకే ఉన్నవాళ్లు బాధపడక్కర్లేదు, దానికి సరిపోయే చేపలున్నాయి. నియాన్ టెట్రా 3, 4 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, జీబ్రా డానియో మన దేశపు చేపే, 4, 5 దగ్గర ఆగుతుంది, చెర్రీ బార్బ్ 5. ఇవి పూర్తిగా ఎదిగినా ఇంతే కాబట్టి లెక్క తప్పదు. ఒక రకం ఎంచుకుని ఎనిమిదో పదో పెట్టండి, గుంపుగా తిరుగుతుంటే ఒక్క పెద్ద చేప కంటే చూడముచ్చటగా ఉంటుంది, ఇది నా అభిప్రాయం. అవన్నీ ఒకేసారి వెయ్యకండి. కొత్త ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా మూడో నాలుగో వేసి, రెండు వారాలు ఆగి, మళ్లీ మూడు వెయ్యండి.

గప్పీల లెక్క వేరు. గప్పీ పెద్దదవదు, సంఖ్య పెరుగుతుంది. ఆడ గప్పీ దాదాపు నెలకోసారి పిల్లల్ని పెడుతుంది, ఈతకు, అంటే ఒక్కో కాన్పుకు, 20, 30, పెద్ద ఆడదైతే ఇంకా ఎక్కువ. మూడు ఆడ గప్పీలు, ఈతకు 30 చొప్పున మూడు నెలలు అనుకుంటే 270 పిల్లలు. కొన్నిటిని పెద్దవి తినేస్తాయి, అయినా మిగిలినవి చాలు. మూడో నెలకు మొదటి ఈత పిల్లలే తల్లులు కావడానికి సిద్ధం. మగవాటిని తీసేస్తే ఆగుతుంది అనుకుంటారు, ఆగదు, ఒకసారి కలిసిన ఆడ గప్పీ నెలల తరబడి మగతోడు లేకుండానే ఈనగలదు. అందుకని మొదటిసారి పెంచేవాళ్లు మగవి మాత్రమే కొనండి, రంగులు కూడా వాటికే ఎక్కువ.

మన ఎండల సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరే. మే నెలలో మన ఇళ్లలో ట్యాంకు నీళ్లు 32 దాకా వెళ్తాయి. అదే వేడికి చేప ఒళ్లు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. డిసెంబర్‌లో సరిపోయిన చేపలు అదే ట్యాంకులో మేలో సరిపోవు, ఈ లోపల అవి పెరిగాయి కూడా. కాబట్టి చేపల సంఖ్య వేసవికి సరిపోయేలా పెట్టుకోండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి, నిండా చేపలున్న ట్యాంకులో కరెంటు పోయిన కొన్ని గంటల్లోనే అవి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

(ముందు వరసలో ఒక అమ్మాయి: అంకుల్, మా సక్కర్ చేప చాలా పెద్దదైపోయింది, నాన్న చెరువులో వదిలేద్దాం అంటున్నారు.)

వద్దు తల్లీ, నాన్నకు చెప్పు, నాన్నగారు ఇక్కడే ఉన్నట్టున్నారు, మీరూ వినండి. సక్కర్‌ను గాజు శుభ్రం చేస్తుందని రెండంగుళాలప్పుడు అమ్ముతారు. అది అడుగు దాటి పెరుగుతుంది. అలా పెద్దదయ్యాక వదిలేసినవే ఇవాళ మన చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేప అనే పేరుతో తిరుగుతున్నాయి. ఒళ్లంతా కవచం లాంటి పలకలు, రెక్కలకు ముళ్లు, వలలో పడితే వల చిరుగుతుంది, మార్కెట్లో ఎవరూ కొనరు. మిగతా చేపల గుడ్లు, మేత కూడా అవే తినేస్తున్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు నీళ్లలో మిగిలే డీఎన్‌ఏ జాడను బట్టి ఈ చేప తూర్పు కనుమల వైపు ఎక్కడెక్కడికి పాకిందో వెతికే పద్ధతి తయారు చేశారు. అంటే సమస్య అంత దూరం వెళ్లింది. కొన్న షాపు వాళ్లను వెనక్కి తీసుకోమని అడగండి, కొంతమంది తీసుకుంటారు. పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి. ఈ హాల్లోనే ఇద్దరు ముగ్గురు ఉన్నారు, సభ అయ్యాక కలవండి.

(వెనక నుంచి ఒకరు: మీ మిగిలిన రెండు షార్క్‌లు ఏమయ్యాయండీ? నా దగ్గరా ఒకటి ఉంది, మూడడుగుల ట్యాంకులో.)

మావయ్య వాళ్ల పెరట్లో పాత సిమెంటు తొట్టె ఉంది, పన్నెండడుగుల పొడవు, కాలువలతో సంబంధం లేనిది. పైన వల కట్టి అందులో వేశాం. మొదటి వారం రెండూ అడుగునే ఒక మూల నక్కి ఉన్నాయి. తర్వాత ఒక సాయంత్రం మేత వేస్తే ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క విసురున వెళ్లడం చూశాను, నా ట్యాంకులో ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా అవి అలా ఈదలేదు. మూతి గాయాలు మళ్లీ రాలేదు. మీ మూడడుగుల ట్యాంకు ఎక్కువ రోజులు సరిపోదండీ. ఈ రాత్రి మేత వేసేటప్పుడు టేపు పెట్టి అది ఎంత ఉందో చూసి రేపు నాకు ఫోన్ చెయ్యండి, సైజును బట్టి ఎవరి తొట్టెలో చోటుందో కనుక్కుందాం.